ఇంటికో కత్తి

ఆ రోజుల్లో ఆడపిల్లకి వంట వచ్చినా రాకపోయినా హాబీ మాత్రం ఒకటి ఉండి తీరాలి. ఉద్యోగానికి వెళ్తే అడిగేవారు, పెళ్లిచూపులకి వస్తే అడిగేవారు, ఆఖరికి బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఆవిడ కూడా ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తుంటావమ్మా అని ఆరా తీసేది. నా స్నేహితురాళ్లలో ఒకతి గ్రీటింగ్ కార్డులు దాచేది. ఇంకొకతి చాక్లెట్ కాగితాలు మడత నలగకుండా పుస్తకాల మధ్య పెట్టుకునేది. మరొకతి శుభలేఖల మీది వినాయకుళ్లని కత్తిరించి అట్టల మీద అంటించేది. నేను కత్తులు దాచేదాన్ని. ఈ మాట ఇప్పటికీ ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేస్తారు, ఆ తర్వాత "కత్తులంటే... కత్తులేనా?" అని అడుగుతారు. కత్తులే. చాకులు, కొడవళ్లు, కత్తిపీటలు, అడకత్తెరలు, పదునుండి పిడి ఉండి ఎవరి చేతిలోనో బాగా అరిగిపోయిన వస్తువు ఏదైనా సరే. (అలాగని నన్నేదో ధైర్యవంతురాలు అనుకోకండి. ఇంట్లో కోడిని కోస్తున్నారంటే పెరటి గుమ్మం వేసేసి, చెవులు మూసుకుని, రేడియో పెద్దగా పెట్టుకునే రకాన్ని.)

మాది ఉద్దానంలో, సోంపేట దగ్గర జలంత్రకోట. కొబ్బరి తోట, జీడి తోట, నాలుగు పనస చెట్లు, వాటి మధ్యలో మా ఇల్లు. డిగ్రీ అవ్వగానే పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని దొరికింది. ఆఫీసు వెనకే పప్పుకి పొట్టు తీసే షెడ్డు. అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని చిన్న చిన్న చాకులతో పప్పు మీది పొట్టు గీకుతుంటే, మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను వెళ్లి చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు ఒక పెద్దావిడ తన చాకు ఇక పనికిరాదని గుమ్మం బయట పడేసింది. తీసి చూశాను. అరిగి అరిగి చిటికెన వేలంత అయిపోయింది. పిడి మీద ఆవిడ బొటనవేలు ఆనే చోట గుంట పడింది. ఎందుకో దాన్ని మళ్లీ పారేయబుద్ధి కాలేదు. రుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అంతే, పీకలదాకా మునిగిపోయాను.

తర్వాత ఎక్కడికెళ్లినా నా కళ్లు మనుషుల మొహాల మీద నిలవడం మానేసి చేతుల్లోకి వెళ్లేవి. నా పద్ధతి చాలా సులువు. కొత్త స్టీలు కత్తి ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకునేదాన్ని. పాతది నచ్చితే, ఇది తీసుకుని అది ఇవ్వమని అడిగేదాన్ని. (ఆ బ్యాగుతో రోజూ కిక్కిరిసిన బస్సులో వెళ్లొచ్చేదాన్నని ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్లు నాకే జలదరిస్తుంది.) టెక్కలిలో ఒక సెలూన్ తాతయ్య, బ్లేళ్లు వచ్చాక మూలన పడేసిన మడత కత్తిని, ఇంక నేనెవరికీ గడ్డం గీయనని మాట తీసుకుని మరీ ఇచ్చాడు. ఇచ్ఛాపురంలో ఒక ఒడియా మామ్మ నెమలి ఆకారంలో ఉన్న అడకత్తెర ఇచ్చింది. వాళ్ల పెళ్లిళ్లలో పెళ్లికొడుకు చేతిలో అడకత్తెర పట్టుకుంటాడట. వాళ్లాయన పెళ్లిలో పట్టుకున్నది అదేనట. "ఆయనా లేడు, నా పళ్లూ లేవు, ఇంక వక్క ఎవరు నమల్తారు" అని తెలుగులో సగం, ఒడియాలో సగం చెప్పి నా చేతిలో పెట్టబోయి, నాలిక్కరుచుకుని కింద పెట్టింది. కత్తి అనేది చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు కదా, నేల మీద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. అలా ఇవ్వకపోతే ఇద్దరికీ చెడుతుందని మా వైపు అందరికీ గట్టి నమ్మకం.

అన్నిటిలోకీ నా ప్రాణం మాత్రం డొంకూరు కత్తి. ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయిది సముద్రం ఒడ్డున ఉన్న డొంకూరు. గంగమ్మ సంబరానికి రమ్మంటే వెళ్లాను. ఒడ్డున వాళ్ల పిన్ని చాటంత వెడల్పున్న పెద్ద టేకు చేపని ముక్కలు చేస్తోంది. వెడల్పాటి నల్లటి కత్తి, పిడికి పాత వల తాడు బిగించి చుట్టి ఉంది. ఉప్పుగాలికి, చెమటకి ఆ తాడు రాయిలా గట్టిపడిపోయింది. నేను చేపని చూడ్డం లేదని ఆవిడకి అర్థమైంది. నా బేరం చెప్పాను. ఆవిడ కత్తి దింపి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నీకెందుకమ్మా ఇది? సేపలు కోత్తావేటి?" అంది. కోయను, దాచుకుంటానన్నాను. "దాసుకోడానికి ఇదేటి, బంగారమేటి?" అని ఆవిడ నిజంగానే విస్తుపోయింది. ఆ సాయంత్రం దాకా నేను ఆవిడ వెనకే తిరిగితే, ఈ పిల్లకి ఏదో అయిందని జాలిపడి ఇచ్చేసింది. దాన్ని నేను కన్నబిడ్డలా చూసుకున్నాను. దానితో ఒక్క ఉల్లిపాయ కూడా కొయ్యలేదు. నీటి చుక్క తగలనివ్వలేదు. ఆదివారం ఆదివారం కొబ్బరినూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి, మా నాయనమ్మ కాలం నాటి ఆకుపచ్చ ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, మంచం కిందకి తోసేసేదాన్ని.

ఒక ఆదివారం తాళం వెయ్యడం మర్చిపోయాను. చీపురు గడియకి తగులుకుని పెట్టె మూత కాస్త పైకి లేచిందట. మా అమ్మ వంగి చూసింది. నేను గదిలోకి వచ్చేసరికి ఆవిడ నేల మీద చతికిలబడి, పెట్టెకి దూరంగా, గోడకి ఆనుకుని ఉంది. "ఓలి గుంటా, ఏటే ఇవి? ఎవుర్ని సంపుతావే?" అంది. మాట గుసగుసలాగే వచ్చింది పాపం. హాబీ అమ్మా అన్నాను. హాబీ అంటే ఏమిటో ఆవిడకి తెలుసు, పక్కింటి అమ్మాయి ఊలుతో కుక్కపిల్లని అల్లింది. నాన్నని పిలిచింది. నాన్న పెట్టెలోకి చాలాసేపు తొంగి చూసి, ఒక కొడవలి వైపు వేలు చూపించి, అది మనదే కదా, పోయిందనుకున్నాను అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని ఆమోదం కింద నేను తీసుకున్నాను. అమ్మ మాత్రం పెట్టె అటకెక్కిస్తే తప్ప అన్నం తిననంది. దాని మీద పాత బొంత కప్పి, ఈ సంగతి ఊళ్లో ఒక్క పురుగుకి తెలిసినా దూలానికి ఉరేసుకుంటానని నాతో ప్రమాణం చేయించుకుంది. (ప్రమాణం ఎవరు చెయ్యాలో, ఉరి ఎవరు వేసుకోవాలో ఆ కంగారులో మాకిద్దరికీ సరిగ్గా తెలీలేదు.)

ఆ తర్వాత సంబంధం వచ్చింది. హరిశ్చంద్రపురం స్టేషన్లో దిగి ఆటోలో వెళ్లాల్సిన ఊరు, వరి పండించుకునే కుటుంబం. అబ్బాయికి టెక్కలిలో ఎరువుల కొట్టు. పెళ్లిచూపుల్లో అనుకున్నట్టే, అమ్మాయి హాబీలేమిటని అడిగారు. నేను నోరు తెరిచేలోపల మా మేనత్త కుట్లు, అల్లికలు అనేసింది. (పూర్తిగా అబద్ధం కాదు. కుట్టాలంటే ముందు కొయ్యాలి కదా.) అబ్బాయి నెమ్మదస్తుడు, నాకు నచ్చాడు. మాటల్లో చెప్పలేనంతగా నచ్చాడు. నాకు భయం వేసిందల్లా వాళ్లమ్మగారిని చూసే. పొడుగ్గా, సన్నగా, ఒక్క మాట ఎక్కువ కాదు, ఒక్క నవ్వు ఎక్కువ కాదు. ఆవిడ నా వైపు చూస్తే అటక మీది బొంత కింద ఏముందో కూడా కనిపిస్తోందేమో అనిపించేది. అందుకే పెట్టె పుట్టింట్లోనే వదిలేసి వెళ్లిపోవాలని, ఎప్పుడైనా వచ్చినప్పుడు చూసుకుని నూనె రాసుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఇక్కడ మా వైపు సారె గురించి చెప్పాలి. కాపురానికి వెళ్లే పిల్లతో పుట్టింటివాళ్లు పంపేదే సారె. అరిసెలు, కజ్జికాయలు, చిమ్మిలి ఉండలు, జంతికలు తట్టల నిండా, ఇంకా ఇత్తడి బిందెలు, బట్టలు, కొబ్బరికాయలు. అత్తారింటి గుమ్మంలో వ్యాను ఆగగానే వీధిలో ఆడవాళ్లందరూ వస్తారు. అందరి ముందూ సారె విప్పాలి, తర్వాత ఇంటింటికీ పంచాలి. ఏ ఇల్లూ తప్పిపోకూడదు. విప్పేటప్పుడు వీధి మొహంలో కనిపించే రంగుని బట్టి కోడలి విలువ కడతారు. మా మేనత్త కొడుకు ఉన్నాడు, మేమంతా హడావుడి బావ అంటాం. సామాను వ్యానులోకి ఎక్కించే బాధ్యత తనది. పెళ్లికి వచ్చిన చుట్టాలు పడుకోవడానికి పరుపులు కావాలని ఎవరో అటక మీది బొంతలన్నీ దించారు, వాటితో పాటు నా పెట్టె కూడా దించి సారె గదిలో ఓ మూల పెట్టారు. బావ వచ్చి ఒక్కొక్కటీ ఎత్తి చూస్తున్నాడట. ఆకుపచ్చ పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఎత్తలేకపోయాడు. ఇంత బరువుందంటే ఇదే అసలైన ఇత్తడి సామానని, మావయ్య గొప్పకోసం దాచిపెట్టి ఉంటాడని పొంగిపోయి, మరో ఇద్దర్ని కేకేసి, వ్యానులో అన్నిటికన్నా ముందు కనిపించేలా పెట్టించాడు. అడ్డుపడాల్సిన మా అమ్మ ఆ సమయంలో నన్ను పట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. ఇద్దరం కళ్లు తుడుచుకుని చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పలాస దాటాం, టెక్కలి దాటాం. నేను కారులో ఆయన పక్కన కొత్తపెళ్లికూతురి సిగ్గుతో కూర్చున్నాను. వెనక వ్యానులో నా పెట్టె వస్తోందని నాకేం తెలుసు. అత్తారింటి అరుగు ముందు దిగి, హారతి పట్టించుకుని, లోపలికి వెళ్లి చాప మీద కూర్చుని తల కొద్దిగా ఎత్తానో లేదో, ఎదురుగా ఆకుపచ్చ పెట్టె. వీధి వీధంతా హాలులో ఉంది. గుమ్మంలో నిలబడ్డవాళ్లు, కిటికీ ఊచలు పట్టుకున్నవాళ్లు. మా మేనత్త నాకు తోడుగా వచ్చింది కదా, ఆవిడ కూడా పెట్టెని చూసింది, కానీ అందులో ఏముందో ఆవిడకి తెలీదు. గర్వంగా కొంగు సర్దుకుంది. తట్టలు విప్పారు, బాగున్నాయన్నారు. బిందెలు చూశారు, తట్టి చూశారు. ఇక అందరి కళ్లూ పెట్టె మీద.

ఎదురింటి పెద్దమ్మ ఒకావిడ ఉంది, వీధికంతటికీ పెద్దదిక్కు. ఆవిడ తాళం అడిగింది. ఆ ఇంట్లో నేను మాట్లాడిన మొదటి మాట ఇది: ఆ పెట్టె సారెది కాదండి. హాలంతా నా వైపు తిరిగింది. సారెది కాకపోతే ఎవరిదన్నారు. నాదండి అన్నాను. "నువ్వెవులిదానివి? ఈ ఇంటిదానివి కాదేటి? తే తాళం," అంది పెద్దమ్మ. నేను దాస్తున్న కొద్దీ లోపల బంగారమే ఉందని వాళ్లకి నమ్మకం పెరిగింది. ఈలోగా వీడియో అతను లైటు పట్టుకుని ముందుకొచ్చాడు. మేడమ్ మీరే తియ్యండి, తీస్తూ కెమెరా వైపు చూసి నవ్వండి అన్నాడు. నా హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి నా చేతులతో నేనే తీశాను. ఇప్పటికీ ఆ సీడీ మా ఇంట్లో ఉంది. అందులో పట్టుచీర కట్టుకున్న ఒక పిల్ల కెమెరా వైపు చూస్తూ, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, ఒక పెట్టె మూత ఎత్తుతుంది. ఆ పెట్టెలో కత్తులుంటాయి. మిక్సింగులో అతను వాటి మీద గులాబీ రేకులు రాలుతున్నట్టు కూడా పెట్టాడు.

గుడ్డలు దారిలో కుదుపులకి విడిపోయినట్టున్నాయి, అన్నీ బయటపడి మెరుస్తున్నాయి. లైటు వెలుగు తగిలి ఇంకా ఎక్కువ మెరిశాయి. కొబ్బరినూనె వాసన హాలంతా కమ్మింది. పెద్దమ్మ నోటి దాకా తీసుకెళ్లిన కజ్జికాయ అక్కడే ఆగిపోయింది. కిటికీ దగ్గర ఎవరో పిల్లని వెనక్కి లాక్కున్నారు. అరుగు మీద కూర్చున్న మగవాళ్లు ఏం జరిగిందో తెలీక లేచి నిలబడ్డారు. మా ఆయన పెళ్లయ్యాక మొదటిసారి నన్ను నిండా చూశాడు, చూస్తూ తనకి తెలీకుండానే చేత్తో మెడ తడుముకున్నాడు. (తాను అలా చెయ్యలేదని నేటికీ వాదిస్తాడు. సీడీలో ఉంది.) మా మేనత్త నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడిపోయింది. ఎక్కడో వెనక నుంచి ఒక గొంతు వినిపించింది, "సారెలో కత్తులు పంపినారంటే ఏటర్తం? తెంచీసుకోమనేనా?" దానికి ఇంకో గొంతు, వ్యాను ఇంకా వెళ్లలేదు కదా అంది. ఆ మాట నా చెవిలో పడగానే గుమ్మం వైపు చూశాను. నిజమే, వ్యాను గుమ్మంలోనే ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. నన్ను, పెట్టెని ఎక్కించేస్తే చీకటిపడేలోపు జలంత్రకోటలో దింపేస్తాడు. అప్పుడు మా అమ్మ ఏం చేసుకుంటుందో నాతో ముందే ప్రమాణం చేసి ఉంది.

అందరూ మా అత్తగారి వైపు చూశారు. ఆవిడ మొహంలో కూడా నెత్తురు లేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో అందరికంటే ఎక్కువగా అదిరిపోయింది ఆవిడే. పెట్టెలోకి చూసింది, నా వైపు చూసింది, గుమ్మంలో వ్యాను వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా వచ్చి పెట్టె ముందు కూర్చుని, పైనున్న కొడవలి తీసి, పదును బొటనవేలితో తడిమి, కొంగుతో నూనె తుడిచింది.

"ఏటలా సూత్తన్నారు?" అంది వీధితో. "ఉద్దానంలో ఇంతే. సారెతోటి ఇంటికో కత్తి పంచుతారు. పుట్టింటి కత్తి ఈదిలో ప్రతి ఇంట్లోనూ ఉంటే, ఈదంతా పిల్లకి పుట్టిల్లే అవుద్దని. మీకు తెల్దేటి?" అప్పుడు మా మేనత్త వైపు తిరిగింది. "ఏటొదినా, ఔనా కాదా?"

మా మేనత్త పుట్టింది ఉద్దానంలో, పెరిగింది ఉద్దానంలో. అలాంటి ఆచారం ఒకటుందని ఆవిడ ఆ నిమిషం దాకా వినలేదు. నోరు తెరిచింది, మూసింది, గుటక వేసింది. "ఔనొదినా," అంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తప్పించుకున్నామన్న సంతోషం పట్టలేక, తన పెళ్లికి వాళ్లమ్మ కూడా ఇలాగే ఇచ్చిందని, ఈసారి తాము కొంచెం తక్కువే తెచ్చామని, ఏమీ అనుకోవద్దని చెప్పుకుపోయింది. వీధి మొహంలో రంగు తిరిగి వచ్చింది. అదా సంగతి అన్నారు. ఎంత పెద్ద మనసన్నారు. మిఠాయి తింటే అయిపోతుంది, కత్తి ఇల్లున్నన్నాళ్లూ ఉంటుందన్నారు. పెద్దమ్మ కజ్జికాయ కిందపెట్టి పెట్టె దగ్గరికి జరిగింది.

నాకు అప్పుడు అర్థమైంది ఏం జరగబోతోందో. వద్దని అరవాలనిపించింది. కానీ కొత్తకోడలు అరవకూడదు, పైగా అరిస్తే నన్ను నిలబెట్టిన అబద్ధం అక్కడే కూలిపోతుంది. నా కళ్ల ముందు నా ఇన్నేళ్ల కూడబెట్టు ఒక్కొక్కటీ నేల మీదికి వచ్చింది. అత్తగారు ఒక్కో కత్తి తీసి కింద పెట్టడం, ఒక్కో ఇల్లు వచ్చి వంగి తీసుకోవడం. చేతి నుంచి చేతికి ఒక్కటీ ఇవ్వలేదు, అబద్ధపు ఆచారానికి కూడా ఆవిడ పద్ధతి తప్పలేదు. సెలూన్ తాతయ్య మడత కత్తి ఒకావిడ విప్పడం తెలీక విప్పి, ఇది ఆయన గడ్డానికి పనికొస్తుందని మురిసిపోయింది. ఒడియా మామ్మ నెమలి అడకత్తెర వక్కల డబ్బాతోనే తిరిగే ఒక ముసలమ్మ చేతిలోకి వెళ్లింది, వెళ్లీ వెళ్లగానే కటుక్కుమని ఒక వక్కని కొరికింది. ఇక డొంకూరు కత్తి. అన్నిటికన్నా బరువైనదేదో పెద్దమ్మ ముందే చూసి పెట్టుకుంది. వల తాడు చుట్టిన పిడి పట్టుకుని గాల్లో ఒక్కసారి ఊపి చూసి, "బాగున్నాది. కోళ్లకి, కొబ్బరి మట్టలకి, దేనికైనా ఆగుద్ది," అంది. నీటి చుక్క తగలనివ్వని నా కత్తికి ఆవిడ పెట్టబోయే ఉద్యోగాలు వింటూ నేను నవ్వుతూ కూర్చున్నాను. వీడియో అతను నవ్వమన్నాడు మరి. కళ్లలో నీళ్లు చూసి అందరూ పుట్టింటి మీద బెంగ అనుకున్నారు. ఒకావిడ నా తల కూడా నిమిరింది.

ఇళ్లు మిగిలాయి, కత్తులు అయిపోయాయి. కంగారులో మా మేనత్త మిగిలినవి ఆషాఢానికి పంపుతామని మాటిచ్చేసింది. ఆ సాయంత్రం, వ్యానుతో వచ్చిన హడావుడి బావ ఫోన్ చేసి జరిగిందంతా మా అమ్మకి చెప్పాడట. అటక మీది కత్తులు చూసి అన్నం మానేసిన మనిషి, ఆషాఢంలో సోంపేట కమ్మరి కొలిమి దగ్గర నిలబడి, మా అమ్మాయి అత్తారి వీధికి, కాస్త నదురుగా ఉండేలా చెయ్యి నాయనా అని కొత్త కత్తులకి పురమాయించాల్సి వచ్చింది. ఆవిడ స్వయంగా వాటిని గుడ్డల్లో చుట్టి, పసుపు బొట్టు పెట్టి పంపింది. ఆ చుట్టిన తీరు చూశాను. ఆదివారాలు నేను చుట్టే తీరే.

ఆ రోజు సాయంత్రం వ్యాను వెళ్లిపోయింది. వీధి తన కత్తులు తీసుకుని తన ఇళ్లకి వెళ్లింది. నేను వంటింట్లో ఖాళీ ట్రంకు పెట్టె పక్కన నిలబడ్డాను. ఇక ఆపుకోలేకపోయాను. అన్నీ పంచేశారేంటి అత్తయ్యా అని ఏడుపు గొంతుతో అడిగేశాను. వచ్చిన పూటే అత్తగారిని నిలదీసిన కోడలు ఆ ఊళ్లో నాకు ముందు ఇంకెవరూ ఉండరు. ఆవిడ పొయ్యి ఊదుతూ ఆగి, నా వైపు తిరిగింది.

"నిన్ను పంపీమంటావా, కత్తుల్ని పంపీమంటావా?" అంది.

నడుం దగ్గర దోపుకున్నదేదో తీసి నేల మీద నా పాదాల ముందు పెట్టింది. జీడిపప్పు పొట్టు తీసే చాకు, నేను రుమాల్లో చుట్టుకొచ్చిన మొట్టమొదటిది. "మనిల్లూ ఇల్లే కదా. మనకీ ఒకటి రావాల," అంది. అది నా మొట్టమొదటిదని ఆవిడకి తెలిసి కాదు, ఎవరికీ ఇవ్వడానికి పనికిరానంత చిన్నదని పక్కన దోపుకుంది. అయినా నేను వంగి తీసుకున్నప్పుడు నాకు ఆవిడ మీద పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. అంతకుముందు కత్తులు పోయినందుకు ఎంత ఏడ్చానో అప్పుడు అంతకన్నా ఎక్కువ ఏడ్చాను. ఆవిడ ఉల్లిపాయలు నా ముందుకి తోసింది.

అబద్ధం ఒకసారి వీధిలో పడ్డాక మనం చెప్పినట్టు వినదు. కొన్నేళ్లకి మా వీధి చివరి ఇంటికి సోంపేట వైపు నుంచే ఇంకో కోడలు వచ్చింది. సారె విప్పారు, తట్టలన్నీ అయిపోయాయి, అయినా ఆడవాళ్లు కదల్లేదు. కత్తులేవి అన్నారు. ఆ పిల్ల తండ్రి బిక్కచచ్చిపోయాడు. ఉద్దానంలో అలాంటిదేమీ లేదండి అని ఆయన చెప్పబోతే, అదెలాగ, ఉద్దానం కోడలు మాకు ముందే ఒకతి ఉంది, అడుగుదాం రండి అని అందరూ మా ఇంటికి వచ్చారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపల నుంచి మా అత్తగారు నన్నే చూస్తోంది. ఏం చెప్పమంటారు మరి. అవునండి, ఇస్తామన్నాను. పాపం ఆయన అప్పటికప్పుడు టెక్కలి పరుగెత్తి స్టీలు కత్తులు పట్టుకొచ్చాడు. ఇప్పుడు మా ఊళ్లో ఇది ఆచారం. మొన్నీమధ్య ఎవరో కుర్రకోడలు నాకే వివరించింది, పుట్టింటి కత్తి ఎందుకివ్వాలో, దాని వెనక మన పెద్దవాళ్ల ఆలోచన ఎంత గొప్పదో. నేను ఆశ్చర్యపోయి విన్నాను. నిజంగానే ఆశ్చర్యం వేసింది, చాలా బాగా చెప్పింది.

ఏటా వేసవిలో నాన్న జలంత్రకోట నుంచి పనసకాయ పంపుతాడు. వరి పండే ఈ ఊళ్లో పనసకాయని లొంగదీసే కత్తి ఎవరింట్లోనూ లేదు, ఒక్క ఎదురింట్లో తప్ప. ఈ ఏడు కూడా వెళ్లి అడిగాను. పెద్దమ్మకి ఇప్పుడు చూపు తగ్గింది, కానీ కత్తి ఎక్కడుందో తడుముకోకుండా తీసింది. వాడి వాడి సగానికి అరిగింది. వల తాడు పోయి దాని స్థానంలో పాత చీర పీలిక వచ్చింది. నేల మీద పెట్టి, "పట్టుకెల్లు గానీ మల్లీ మరిసిపోకుండా తెచ్చీ. మంచి కత్తి, దొరకదు," అని నాకు గట్టిగా చెప్పింది. అలాగే పెద్దమ్మా అన్నాను. పెరట్లో కూర్చుని, చేతులకి నూనె రాసుకుని, పాలు కారుతుంటే తుడుచుకుంటూ దానితోనే కాయ కొట్టాను. పొట్టు కూర వండి, ఓ గిన్నెలో వేసుకుని, కత్తి కడిగి తుడిచి, పొద్దుగూకకముందే పట్టుకెళ్లి నేల మీద పెట్టాను. పెద్దమ్మ కూర పక్కన పెట్టింది. కత్తి అంచు మీద బొటనవేలు ఆనించి చూసి మొహం చిట్లించింది.

"పదును పోగొట్టీసినావే గుంటా. కత్తి వాడ్డం రాదేటి నీకు?" అంది. ఆదివారాలు గుడ్డలో చుట్టి దాన్ని దాచుకున్న ఆ జలంత్రకోట పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. రాదు పెద్దమ్మా, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నానని చెప్పి ఇంటికి వచ్చేశాను.